పదో బోర్డు

బోర్డులాయన చూపు తగ్గిందన్న సంగతి కంటి డాక్టరుకి తప్ప ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు. డాక్టరు దాపరికం లేకుండా చెప్పేశాడు. ఇది కత్తి పెడితే బాగయ్యేది కాదు, కంటి వెనక నరం ఎండిపోతోంది, ఉన్న చూపుని జాగ్రత్తగా వాడుకోండి అన్నాడు. బోర్డులాయన జాగ్రత్తగానే వాడుకున్నాడు. ఆ ఉన్న కాస్త చూపునీ, లేని చూపుని దాచిపెట్టడానికే ఖర్చుపెట్టాడు.

మనుషులు కనిపిస్తారు, తలుపులు కనిపిస్తాయి, మెట్లు కనిపిస్తాయి. దగ్గరగా పట్టుకున్న కాగితం మీద చిన్న అక్షరాలు మాత్రం వానలో తడిసిన సిరాలాగా ఒకదాంట్లోకి ఒకటి పాకిపోతాయి. పనిచేసే చోట తన గదిలో డ్రాయరు అడుగున, రంగు తుడిచే గుడ్డల కింద ఒక భూతద్దం దాచుకున్నాడు. చీటీ చదవాలంటే తలుపు గడియ పెట్టి, భూతద్దం తీసి, ఒక్కో అక్షరం మీదా ఆనించి చదివేవాడు. ఇక బోర్డు మీద అరచెయ్యంత అక్షరాలు రాయడానికి కళ్ళతో పనే లేదు. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే పోతుంది. నా చేతికి కళ్ళున్నాయని వయసులో ఉండగా గొప్పలు పోయేవాడు. ఇప్పుడు నిజంగానే ఆ చేతికి తప్ప ఇంక దేనికీ లేవు.

అతను పనిచేసేది ఊరి నడిబొడ్డున ఉన్న మ్యూజియంలో. ప్రతి గాజు పెట్టె ముందూ, ప్రతి గది గుమ్మం మీదా ఉన్న అక్షరాలు అతనివే. చూడ్డానికి వచ్చినవాళ్ళలో నూటికి తొంభైమంది ఆ అక్షరాలు చదవరు, మిగతా పదిమంది చదివి మర్చిపోతారు. అయినా సరే, తను లేకపోతే ఆ ఎముకలన్నీ ఎవరివో తెలియక ఏడుస్తాయన్నంత ధీమా అతనిది.

ఆ ధీమాకి పోయినేడాది ఎసరొచ్చింది. కొత్తగా వచ్చిన డైరెక్టర్ మేడంకి చేత్తో రాసిన బోర్డులంటే చిరాకు. మిషను పెడితే గంటలో అన్నీ అచ్చై వస్తాయి కదా అన్నది ఆవిడ మాట. ఒకరోజు కారిడార్లో ఆపి నవ్వుతూనే చెప్పింది.

"ఒక్క తప్పు దొరకనివ్వండి మాస్టారూ, ఆ మర్నాడే మిషనుకి ఆర్డర్ పెట్టేస్తాను."

ఆవిడ నవ్వుతూ చెప్పిన మాటలే నిజంగా చేసే మాటలని అప్పటికే అందరికీ అర్థమైంది. బోర్డులాయనకి ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉంది. పెళ్ళి చేసుకోలేదు, వెనకేసుకున్నదీ లేదు, వేరే పనేదీ రాదు. ఆ ఆరేళ్ళూ ఎలాగోలా నెట్టుకురావాలి, ఒక్క తప్పు దొరకకూడదు. అతని బతుకంతా ఆ ఒక్క మాట మీద ఆగి ఉంది.

ఉండేది అక్కావాళ్ళింట్లో, వీధివైపు గదిలో. అక్క మొగుడు కూడా అదే మ్యూజియంలో పని. చచ్చిన జంతువుల తోలు తీసి, లోపల తీగా గడ్డీ మట్టీ పెట్టి, గాజు కళ్ళు అమర్చి, బతికున్నప్పటికంటే అందంగా నిలబెట్టడం ఆయన విద్య. అందరూ తోళ్ళాయన అంటారు. బోర్డులాయనకి మాత్రం బావ. ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళి ఒకే బస్సులో వచ్చేవాళ్ళు, దారిపొడుగునా ఒకరినొకరు ఆడిపోసుకునేవాళ్ళు. "నువ్వు రాసిన పేరు లేకపోతే నా పులిని జనం పిల్లి అనుకుంటారంట్రా" అని ఆయన వెక్కిరిస్తే, "నీ పులి మొహం చూస్తే పేరున్నా అలాగే అనుకుంటారు బావా" అని ఇతను అంటించేవాడు. బస్సులో కండక్టరుకి కూడా వీళ్ళ గొడవ వినోదం.

బావ ఆ వేసవి చివర్లో రిటైరవుతాడు. పోయే ముందు ఒక ఎలుగుబంటి చేశాడు. జంతువుల పార్కులో ముసలితనంతో చచ్చిపోయిన తల్లి ఎలుగు, అంతకుముందెప్పుడో పోయిన దాని పిల్ల. ఆ రెంటినీ కలిపి నిలబెట్టడానికి ఆయనకి రెండేళ్ళు పట్టింది. తల్లి వెనక్కి తిరిగి పిల్లని చూస్తున్నట్టు మెడ తిప్పాడు. ఆ మెడ దగ్గర ముడతలకే ఆరు వారాలు. బొచ్చు ఊడినచోట ఒక్కో వెంట్రుకా సూదితో నాటాడు. అది చూసి మేడం అంతటిది కూడా దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. వేసవి అయిపోయాక దీన్ని పెద్ద హాల్లో పెడదాం, కింద మీ పేరు రాయిద్దాం అంది. ఆ మ్యూజియంలో చేసినవాడి పేరు రాసిన వస్తువు అప్పటిదాకా ఒక్కటి లేదు. బావ ఆ రోజు ఇంటికొచ్చి భోంచెయ్యకుండా పడుకున్నాడు, సంతోషం ఎక్కువైతే ఆయనకి ఆకలి వెయ్యదు.

వేసవి సెలవులకి ప్రతి ఏడూ పిల్లల కోసం ఏదో ఒక హంగామా ఉంటుంది. ఈసారి మేడం "అడవి గది" అంది. అడవిలో ఉన్నట్టు పచ్చటి వెలుతురు, అట్టతో చెట్లు, పక్షుల అరుపులు వినిపించే పెట్టె. నలభై రోజులు. అందులో పది వస్తువులు, పదీ పిల్లల చేతికందే ఎత్తులో. తొమ్మిదింటిని ముట్టుకోవచ్చు: చెట్టు బెరడు, పాము కుబుసం, జింక కొమ్ము, తాబేలు డిప్ప, అలాంటివి. పదోది ఎలుగుబంటి. దాన్ని చూడాలి తప్ప ముట్టుకోకూడదు. చుట్టూ తాడు కడదాం అని బావ అడిగాడు. మేడం ఒప్పుకోలేదు. కుటుంబాలు వచ్చే చోట తాళ్ళేమిటి, పిల్లల్ని దొంగల్లా చూడకండి, బోర్డు పెడితే చాలు అంది.

బోర్డు రాయడానికి అక్కడొక పద్ధతి ఉంది. వస్తువు ఎవరిదో వాళ్ళు కావలసిన మాట చీటీ మీద రాసివ్వాలి. బోర్డు తయారయ్యాక చీటీతో పోల్చి చూసి, చీటీ కింద "సరిచూశాను" అని సంతకం పెట్టాలి. ఆ చీటీ బోర్డులాయన గదిలో ఫైల్లో ఉంటుంది. బావ పది చీటీలూ రాసిచ్చాడు, తోలు మీద గుర్తులు పెట్టే నల్ల పెన్సిలుతో. తొమ్మిదింటి మీద ముట్టుకోవచ్చు. పదోదాని మీద ముట్టుకోవద్దు.

బోర్డులాయన గడియ పెట్టుకుని అన్నీ భూతద్దంతో చదివాడు. పదోది కూడా సరిగ్గానే చదివాడు. ఈ లోపల ఎవరో తలుపు కొట్టారు, భూతద్దం గుడ్డల కిందికి పోయింది. మళ్ళీ కూర్చుని కుంచె పట్టాడు. పొద్దుట్నుంచి వరసగా తొమ్మిది సార్లు రాసిన మాట, పదోసారి కూడా చెయ్యి ఆ దారినే పోయింది. ముట్టుకోవ దాకా ఒకటే కదా, ఆ తర్వాత ఒక్క అక్షరం. ద్దు అయితే వద్దని, చ్చు అయితే రమ్మని. ఎవడు కనిపెట్టాడోగాని ఈ భాషని, కాదన్న మాటకీ ఔనన్న మాటకీ మధ్య అంత సన్నటి గోడ కట్టి పోయాడు.

సంతకానికి బావ దగ్గరికి వెళ్ళేసరికి ఆయన నేలమీద బోర్లా పడుకుని పిల్ల ఎలుగు కనురెప్ప అతికిస్తున్నాడు. రెండు చేతులకీ జిగురు.

"బోర్డులు తెచ్చాను, చూడు బావా."

"నువ్వు రాసింది నేను చూసేదేంట్రా? ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కటి తప్పావా? ఇలా పడేయ్, సంతకం గీకేస్తాను."

పది చీటీల మీదా తల ఎత్తకుండా గీకేశాడు. చీటీలకి జిగురంటింది.

మొదటిరోజు పొద్దున్నే గేటు బయట జనం వరసకట్టారు. బావని మేడం పక్క హాల్లో పెట్టింది, బళ్ళ నుంచి వచ్చిన పెద్ద టీచర్లకి జంతువుల గురించి వివరించమని. బోర్డులాయన పదింటికి తీరిగ్గా అడవి గదికి వచ్చాడు. గుమ్మంలోంచే కనిపించింది, తల్లి ఎలుగు చుట్టూ పిల్లలు ఈగల్లా మూగి ఉన్నారు. ఒకడు వీపు మీద ఉన్నాడు. ఇద్దరు పిల్ల ఎలుగు చెవులు పట్టుకుని చెరోవైపు లాగుతున్నారు. పెద్దవాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. ఇదేమిటి, ఎవరూ ఆపరేమిటి అనుకుంటూ దగ్గరికి వెళ్ళాడు. జేబురుమాలు తీసి, దుమ్ము తుడుస్తున్నట్టు నటిస్తూ, బోర్డు చివరి అక్షరం మీద వేలు ఆనించాడు. ఆరిన రంగు వేలికి తగులుతుంది. వేలు ఆ మెలికల వెంట తిరిగింది.

అది ద్దు కాదు, చ్చు.

ఆ క్షణంలో అతను చెయ్యగలిగిన పని ఒకటుంది. బోర్డు పీకి చంకలో పెట్టుకుని, జరగండి జరగండి అని అరిస్తే సరిపోయేది. అప్పటికి బొచ్చు కొంచెం చెదిరిందంతే. కానీ బోర్డు పీకితే ఎందుకు పీకావంటారు. తప్పు రాశానని చెప్పాలి. ఆ మర్నాడు మిషను వస్తుంది. బోర్డులాయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తన గదికి వెళ్ళాడు. టీ తెప్పించుకుని తాగాడు. ఒకటి కాదు, రెండు తాగాడు. గోడ అవతల నుంచి పిల్లల కేరింతలు వినిపిస్తూనే ఉన్నాయి, అతను కుంచెలు కడుగుతూ కూర్చున్నాడు.

పన్నెండున్నరకి బావ వచ్చాడు. అప్పటికి తల్లి ఎలుగు ఎడమ పక్క తోలు బోడిగా తేలింది. ముక్కు లోపలికి నొక్కుకుపోయింది. ఆరు వారాల మెడ మీద ఎవరో ఎక్కి దిగినట్టున్నారు, అది విరిగి తల నేలకి వేలాడుతోంది. పిల్ల ఎలుగుకి ఒక చెవి లేదు, ఒక కన్ను లేదు. ఆ గాజు కన్నుతో ఇద్దరు పిల్లలు మూలన గోళీలాడుతున్నారు.

బావ కేకేశాడు. అది మనిషి కేకలా లేదు. వీపు మీదున్న పిల్లాడి చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. వాడు ఏడుపు లంకించుకున్నాడు. వాడి తండ్రి వచ్చి బావ చొక్కా పట్టుకున్నాడు.

"ఏం పెద్దాయనా, చదువు రాదా? ముట్టుకోవచ్చు అని మీరే రాసిపెట్టి, మావాడి చెయ్యి విరుస్తారా?"

"అక్కడ ముట్టుకోవద్దు అని ఉంది!"

"ఉందా? చదవండి మరి. అందరూ వినేలా చదవండి."

బావ తిరిగి చూశాడు. చదివాడు. మళ్ళీ మొదట్నుంచి వేలు పెట్టి చదివాడు. చుట్టూ ఉన్న జనం నవ్వారు. పిల్లలకి నవ్వెందుకో తెలియకపోయినా పెద్దవాళ్ళు నవ్వుతున్నారు కదా అని వాళ్ళూ నవ్వారు.

మేడం వచ్చింది. బోర్డులాయన్ని పిలిపించింది. చీటీ పట్టుకురమ్మంది.

తన గదికి వెళ్ళి రావడానికి అయిదు నిమిషాలు. గడియ పెట్టాడు, భూతద్దం తీశాడు, ఫైల్లోంచి పదో చీటీ తీశాడు. బావ పెన్సిలు లాంటిదే ఒకటి అతని దగ్గరా ఉంది, బావ ఇచ్చిందే. ద కి ఒక మెలిక తగిలిస్తే చ అవుతుంది. పైన ఒకటి, కింద ఒకటి. అక్షరాలు రాయడమే విద్యగా బతికినవాడికి ఒక మనిషి చేతిరాతని దొంగిలించడం ఎంత సేపు? భూతద్దం కింద చూసుకుంటే తనకే ముచ్చటేసింది. ఆ సంగతి తర్వాత ఎప్పుడు గుర్తొచ్చినా అతనికి ఒళ్ళు జలదరించేది, కానీ ఆ నిమిషాన ముచ్చటేసిన మాట నిజం.

మేడం చీటీ చూసి బావకి ఇచ్చింది. బావ దాన్ని చాలాసేపు చూశాడు. వెలుతురు వైపు తిప్పి చూశాడు. ఆ తర్వాత బావమరిది మొహంలోకి చూశాడు.

"రాత మీదేనా?" అంది మేడం.

"నాదే."

"సంతకం?"

"నాదేనండీ."

బోర్డులాయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. మేడం తల పట్టుకుంది. తర్వాత చుట్టూ చూసింది. పిల్లలు ఇంకా ఎలుగుబంటిని వదల్లేదు. మిగతా తొమ్మిది వస్తువుల దగ్గర ఒక్క పురుగు లేదు. ఆవిడ కళ్ళల్లో లెక్క మారడం బోర్డులాయనకి సైతం కనిపించింది.

"ఎలాగూ పాడైంది కదా, ఇంకేం బాగవుతుంది? ఉండనివ్వండి. బోర్డు కూడా అలాగే ఉండనివ్వండి. తోళ్ళ మాస్టారూ, మీరు రేపట్నుంచి దీని పక్కనే నిలబడండి. పిల్లలు కింద పడకుండా చూసుకోండి. కొంచెం నవ్వుమొహంతో."

పేరు మాట మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు బావకి ఒక ఆకుపచ్చ టోపీ ఇచ్చారు, పైన రెండు గుండ్రటి ఎలుగు చెవులు కుట్టి ఉన్నాయి.

మొదటిరోజు సాయంత్రమే బోర్డులాయన ఒంట్లో బాలేదని చెప్పి ముందు బస్సులో ఇల్లు చేరాడు. బావ వచ్చేలోగా అక్కని వంటగదిలో కూర్చోబెట్టాడు.

"అక్కా, బావకి మతిమరుపు మొదలైనట్టుంది. వద్దు అనాల్సింది వచ్చు అని రాసిచ్చాడు. నేను ముందే అడిగాను, ఇదేంటి బావా అని. నాకు తెలీదా అని కసిరాడు. ఈ మధ్య ఇలాంటివి చాలా చూస్తున్నాను, నీకు చెప్తే బాధపడతావని ఊరుకున్నాను."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ పోయాక ఈ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే, వాడి నోట అబద్ధం వస్తుందని కల్లో కూడా అనుకోదు. బావ గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆయనకి ఇంట్లో కొత్త బతుకు తయారుగా ఉంది.

ఆ నలభై రోజులూ చూడాలి ఆ ఇల్లు. తాళాలు అక్క నడుముకి చేరాయి. తోళ్ళు కోసే కత్తుల పెట్టె అటక ఎక్కింది. బావ స్నానానికి వెళితే అక్క తలుపు బయట నిలబడి "నీళ్ళు కట్టేశారా?" అని అడిగేది. వీధి చివరికి వెళితే వెనకే వెళ్ళేది. ఇరుగుపొరుగు వచ్చి ఆయన ముందే ఆయన గురించి "ఎప్పట్నుంచి ఇలా?" అని ఆరా తీసేవాళ్ళు, మంచం మీదున్న మనిషి గురించి అడిగినట్టు. పగలు టోపీ పెట్టుకుని, "రండి బాబూ, ముట్టుకోండి, మెల్లగా" అనడం. సాయంత్రం ఇంట్లో ఇది. బోర్డులాయన ఎదురుగా కూర్చుని భోంచేసేవాడు. మొదట్లో ముద్ద దిగేది కాదు. వారం తిరిగేసరికి రెండోసారి వడ్డించుకోవడం మొదలుపెట్టాడు.

బావ ఎదురు చెప్పలేదు. ఒక కొత్త అలవాటు మాత్రం పట్టుకున్నాడు. రోజూ పొద్దున ఒక చీటీ తెచ్చి బావమరిది చేతిలో పెట్టేవాడు.

"ఒరేయ్, బజారు సామాన్లు రాశాను. సరిగ్గా రాశానో లేదో చూసి పెట్టు. నా మీద నాకు నమ్మకం లేదు."

"సరిగ్గానే ఉంది బావా."

"అక్షరాలు కుదిరాయా?"

"భేషుగ్గా ఉన్నాయి."

నిజానికి అతనికి అందులో కనిపించింది బూడిదరంగు గీతలే. మొదట్లో ఏదో కాస్త ఆనవాలు తెలిసేది. రోజులు గడిచేకొద్దీ బావ అక్షరాలు చిన్నవైపోతూ వచ్చాయి. చివరికి కాగితం మీద ఏమైనా ఉందో లేదో కూడా తెలియనంత. పాపం, మనిషి లోపల ఎంత కుంచించుకుపోతున్నాడో అనుకున్నాడు బోర్డులాయన, జాలిపడ్డాడు కూడా. తను చేసిన గాయం చూసి తనే జాలిపడటం ఎంత సుఖమో అతనికి బాగా అలవాటైంది.

నలభయ్యో రోజు, బావకి ఉద్యోగంలో చివరి రోజు. పొద్దున బట్టలు వేసుకుంటుంటే బావ ఒక మడత పెట్టని కాగితం తెచ్చిచ్చాడు.

"మేడంకి క్షమాపణ ఉత్తరం. నా పొరపాటు వల్ల ఇంత నష్టం జరిగింది, వయసు మీదపడింది, పెద్ద మనసుతో మన్నించండి అని రాశాను. ఆవిడ ఎదుటికి పోవడానికి నాకు మొహం చెల్లదు. ఒకసారి చదివి, బాగుంటే నువ్వే ఇచ్చెయ్."

బోర్డులాయన కాగితాన్ని మర్యాదగా రెండు చేతులా పట్టుకుని, పైనుంచి కిందికి కళ్ళు తిప్పాడు. మధ్యలో ఒకసారి తల కూడా పంకించాడు.

"చక్కగా ఉంది బావా. ఇంతకంటే ఏం రాస్తాం?"

క్షమాపణే కదా అని భూతద్దం కూడా తియ్యకుండా, పదకొండింటికి మేడం గదికి వెళ్ళాడు. ఉత్తరం టేబుల్ మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బావగారు ఇమ్మన్నారు మేడం. నేను కూడా చదివాను, ఒక్క అక్షరం తప్పు లేదు."

మేడం చదివింది. మొదటి వరుస దగ్గర కళ్ళద్దాలు సర్దుకుంది. చివరికి వచ్చేసరికి ఆవిడ మొహంలో ఏమీ లేదు. కాగితం తిప్పి అతనికే ఇచ్చింది.

"బయటికి చదవండి."

"ఎందుకు మేడం, మీరు చదివారు కదా..."

"మీ గొంతుతో వినాలనుంది."

బోర్డులాయన కాగితం పైకెత్తాడు. గొంతు సవరించుకున్నాడు. బావ చెప్పిన మాటలు గుర్తున్నాయి, మిగతావి అతికించుకుంటే సరి. చదవడం మొదలుపెట్టాడు.

"గౌరవనీయులైన డైరెక్టర్ గారికి. నా పొరపాటు వల్ల మ్యూజియానికి జరిగిన నష్టానికి చింతిస్తున్నాను. వయసు మీదపడటం చేత, మతి స్థిమితం లేకపోవడం చేత... చీటీ తప్పు రాసిచ్చాను. ఇందులో బోర్డు రాసినవారి దోషం ఏమీ లేదు. పెద్ద మనసుతో నన్ను మన్నించవలసిందిగా..."

ఆవిడ ఆపలేదు. ఇట్లు తమ విధేయుడు దాకా పోనిచ్చింది. బోర్డు రాసినవారి దోషం లేదన్న ముక్క ఎంత బాగా కుదిరిందో అనుకుంటూ అతను కాగితం కిందికి దించాడు. అప్పుడు ఆవిడ చెయ్యి చాచి కాగితం తీసుకుని, తను చదివింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"డైరెక్టర్ గారికి. ఈ ఉత్తరం తెచ్చిన మనిషికి చూపు లేదు. చిన్న అక్షరాలు చదవలేడు. బోర్డు తప్పు రాసింది అతనే, చీటీ దిద్దింది కూడా అతనే. మా ఆయన ముట్టుకోవద్దు అనే రాసిచ్చారు. నా మాట నమ్మనక్కర్లేదు. ఈ ఉత్తరం అతని చేతే చదివించండి, మీకే తెలుస్తుంది."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. మేడం ఉత్తరాన్ని సొరుగులో పెట్టింది.

"కుంచెలూ రంగులూ స్టోర్లో అప్పజెప్పండి. రేపట్నుంచి రానక్కర్లేదు."

"మేడం, ఇంకా ఆరేళ్ళు..."

"తలుపు దగ్గర మెట్టుంది. చూసుకుని వెళ్ళండి."

అడవి గదిలో చివరిరోజు జనం కిటకిటలాడుతున్నారు. ఎలుగుబంటికి ఇప్పుడు వెంట్రుకే లేదు, గోనెసంచిలా ఉంది, కడుపు చినిగి గడ్డి బయటికొచ్చింది. బావ టోపీ పెట్టుకుని దాని పక్కన నిలబడ్డాడు. బోర్డులాయన జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు.

"నీకెప్పుడు తెలిసింది బావా?"

"చీటీ చేతికిచ్చినప్పుడే. నా రాత నాకు తెలీదట్రా?"

"మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"నీ మొహం చూశాను. చచ్చేంత భయపడుతున్నావు. సరే, ఇంటికొచ్చి చెప్పుకుని ఏడుస్తాడులే, ఇద్దరం కలిసి ఏదో చేద్దాం అనుకున్నాను. ఇంటికి వచ్చేసరికి నువ్వు నాకు పిచ్చి కట్టేశావు." బావ ఒక పాపని ఎత్తి ఎలుగు వీపు మీద కూర్చోబెట్టాడు, కింద పడకుండా నడుం పట్టుకున్నాడు. "ఎందుకిలా చేశాడా అని అప్పుడు ఆలోచించాను. కళ్ళేమో అనిపించింది. రోజుకొక చీటీ ఇచ్చాను. చదవలేను బావా అని ఒక్కరోజు, ఒక్కరోజు అంటావేమోనని. పన్నెండో రోజు దాంట్లో సామాన్లు లేవు. ఈ చీటీ చదివేవాడు దొంగ అని రాశాను. భేషుగ్గా ఉందన్నావు."

"తప్పైపోయింది బావా. భయం... భయంతో చేశాను."

"ఆ రోజు పిల్లలు దాని మీదెక్కినప్పుడే నువ్వు చూశావా?"

బోర్డులాయన చూపు నేలకి దించాడు. అదే జవాబని బావకి అర్థమైంది. పాపని కిందికి దించి, ఇంకో పిల్లాణ్ణి ఎత్తాడు.

"ఉత్తరంలో 'మా ఆయన' అని ఉంది" అన్నాడు బోర్డులాయన చివరికి.

"ఉంటుంది. రాసింది మీ అక్క. నేను చెబితే నమ్మలేదు. నా తమ్ముడు అలాంటివాడు కాదు, మీకే మతి పోయింది అంది. అయితే నువ్వే రాయి, వాడికిద్దాం, చదవగలిగితే వాడే చింపి పారేస్తాడు, చదవలేకపోతే వాడే మోసుకెళ్ళి ఇస్తాడు అన్నాను. పొద్దున నువ్వు చక్కగా ఉంది అంటుంటే తలుపు వెనకే ఉంది. రాసిన చెయ్యి మారిన సంగతి కూడా తెలీలేదా నీకు?"

"అక్క ఏమంది?"

"మనం బస్సెక్కాక నీ బట్టలు సంచిలో సర్దింది. ఇందాకే వచ్చి గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి పోయింది. వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళు."

వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. ఒకావిడ ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది, మావాళ్ళ ఫోటో తీసుకోవాలి, మీరు అడ్డంగా ఉన్నారు, కొంచెం జరుగుతారా అంది. బోర్డులాయన జరిగాడు.